ఇరవై రెండు తోటలు

నేను ఫ్రేములు కడతాను. బొమ్మ ఎంత వంకరగా ఉన్నా సరే, నా చట్రంలో పడ్డాక తిన్నగా కనిపించి తీరాలి. అదీ నా పంతం. ఆ పంతాన్ని చూసుకుని మురిసిపోయిన రోజులు చాలా ఉన్నాయి. ఆ వేసవి తర్వాత మాత్రం ఎవరైనా "మీ చేతిలో పడితే చాలు, బొమ్మకి ప్రాణమొస్తుంది" అంటే ఆ మనిషిని దుకాణంలోంచి గెంటేయాలనిపిస్తుంది.

మా అక్క ఇరవై ఏళ్లు విత్తనాల ప్యాకెట్ల మీద పూలు గీసింది. డాలియాకి ఎన్ని రేకులుంటాయో, పొద్దుతిరుగుడు తల ఎటు వాలుతుందో ఆవిడకి కంఠతా వచ్చు. తర్వాత ఆ కంపెనీ వాళ్లు ప్యాకెట్ల మీద ఫోటోలు అచ్చువేయడం మొదలుపెట్టి అక్కని ఇంటికి పంపేశారు. వారం రోజులు దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. ఎనిమిదో రోజు లేచి ఒక పాస్టెల్ రంగుల పెట్టె కొనుక్కొచ్చింది. "రేకులు లెక్కపెట్టడం ఇక నా వల్ల కాదే. ఇప్పుడు నాకు కనపడ్డట్టు గీస్తా," అంది.

కనపడ్డట్టే గీసింది. దగ్గరికెళ్లి చూస్తే రంగు మచ్చలు, వేలితో అలికిన గీతలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఎండలో తోట. ఊరి మధ్యలో బొమ్మల హాలు నడిపే గడ్డమాయన వాటిని చూసి, "ఇది ఇంప్రెషనిస్టు పద్ధతి, అమ్మా. ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు.

"కళ్లజోడు మార్చుకోకపోవడమే నా పద్ధతి," అంది అక్క.

ఆయన పడీపడీ నవ్వాడు. వేసవి చివర్లో హాలంతా మీకే ఇస్తాను, ఇరవై రెండు తోటలు కావాలి అన్నాడు. నలభై తొమ్మిదేళ్ల వయసులో మా అక్క పేరుతో మొదటి ప్రదర్శన. ఆ సాయంత్రం అక్క మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగి నన్ను కావలించుకుంది. నా దుకాణం కింద, అక్కా బావా ఉండేది పైన. మధ్యలో పన్నెండు మెట్లు, అంతే మా ప్రపంచం.

అక్క రోజూ పొద్దున్నే మంచినీళ్ల ట్యాంకుల వెనకున్న తోటకి మడత కుర్చీ పట్టుకుని పోయేది. మధ్యాహ్నానికి బొమ్మ నా బల్ల మీద ఉండేది. పాస్టెల్ అంటే సుద్దముక్కలాంటిదే. నూనె లేదు, నీళ్లు లేవు, ఉత్త రంగు పొడి. అద్దం తగిలితే రంగు అద్దానికి అంటుకుపోతుంది. అందుకని బొమ్మకీ అద్దానికీ మధ్య ఒక దళసరి అట్ట పెడతాం, మధ్యలో కిటికీలా కోసి. దాన్ని మౌంటు అంటాం. ఆ కిటికీలోంచి ఎంత చూపించాలి, ఎక్కడ ఆపాలి అన్నదే మా పనిలో తెలివంతా. ఆ తెలివి నాకు కాస్త ఎక్కువే.

మొదటి మూడు బొమ్మలూ అంచు నుంచి అంచుదాకా నిండుగా ఉన్నాయి. నాలుగోదాంట్లో ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పున కాగితం తెల్లగా మిగిలిపోయింది. తొందరపడి ఉంటుందిలే అనుకున్నాను. కిటికీ కాస్త చిన్నది కోశాను, మిగిలిన కాగితాన్ని వెనక్కి మడిచాను. బొమ్మ కాగితం మీద కత్తి పెట్టకూడదన్నది నా నియమం, మడత పెట్టొచ్చు. అన్నిటికీ రాసినట్టే వెనక పెన్సిలుతో తేదీ రాశాను. బొమ్మ బ్రహ్మాండంగా కుదిరింది.

ఆరో బొమ్మకి నాలుగు వేళ్లు మడవాల్సి వచ్చింది. మర్నాడు అక్కకి రొట్టె, టీ ఫ్లాస్కు పట్టుకుని తోటకి వెళ్లాను. తోట చూసే ముసలాయన గేటు దగ్గరే నన్ను పట్టుకున్నాడు.

"అమ్మా, మీ అక్కగారికి నా మీద కోపమా?"

"ఎందుకండీ?"

"ఆ చివరనున్న గులాబీ వరస చూడండి. పదేళ్లు పెంచితే ఈ ఏడు ఇట్టా విరగబూసింది. ఆవిడ రోజూ దాని పక్కనే కూర్చుంటది, దాన్ని తప్ప అన్నీ గీస్తది. నిన్న అడిగేశాను. 'ఏ గులాబీలు?' అంది. అట్టా అంటే ఎవరికైనా మనసు చివుక్కుమనదా?"

గులాబీలు అక్క కుర్చీకి ఎడమపక్కన ఎర్రగా మండిపోతున్నాయి. కళ్లు మూసుకున్నా కనిపించేటంత ఎరుపు. అక్క చేతి కింద బొమ్మలో లిల్లీలున్నాయి, డాలియాలున్నాయి, దూరంగా ట్యాంకు నీడ ఉంది. గులాబీలు ఉండాల్సిన చోట తెల్ల కాగితం ఉంది.

"అక్కా, ఈ పక్క వదిలేశావేం?"

"ఏ పక్క?" అంది, తల ఎత్తకుండా.

"ఈ ఎడమ పక్క."

"అయిపోయిందే, గీసేశాను కదా. నీకు ప్రతిదానికీ వంకే. ఎండలో నిలబడకు, నీ నీడ నా కాగితం మీద పడుతోంది."

నా నీడ కాగితం మీద పడటం లేదు. నేను వెనక నిలబడ్డాను, ఎండ ఎదురుగా ఉంది. అయినా పక్కకి జరిగాను. నా మొహానికి చురుక్కుమంది. కోపం నా ముక్కు మీదే ఉంటుంది, అక్క నన్ను కందిరీగ అని పిలిచేది అందుకే. నీ బొమ్మ నీ ఇష్టం అనుకుని ఇంటికొచ్చేశాను. మళ్లీ ఆ మాట అడగలేదు. అడక్కపోయినా కత్తి నా చేతిలో ఉంది కదా.

ఆదివారం పైన భోజనాలు. బావ సిటీ బస్సు డ్రైవరు, ఆదివారం ఒక్కరోజే మధ్యాహ్నం ఇంట్లో ఉంటాడు, ఆ రోజు వంట ఆయనదే. అక్క గబగబా తినేసి పళ్లెం చూసి మూతి ముడిచింది.

"నాకింతేనా? కష్టపడి గీసేది నేను, మెక్కేది మీరూనా?"

బావా నేనూ మొహాలు చూసుకున్నాం. పళ్లెంలో ఎడమ సగం ముట్టుకోలేదు. కూర ఉంది, గుడ్డు ఉంది, అన్నీ ఉన్నాయి. బావ ఏమనుకున్నాడో, వేలితో పళ్లేన్ని సగం చుట్టు తిప్పాడు. ఎడమవైపుది కుడివైపుకొచ్చింది.

"హమ్మయ్య! ఇదెప్పుడు పెట్టావు?" అని అక్క గుడ్డు తీసుకుని తినేసింది.

మేం నవ్వాం. కడుపుబ్బ నవ్వాం. అక్క కూడా ఎందుకో తెలియకుండానే మాతో కలిసి నవ్వింది. ముందుగా ఆగిపోయింది బావ. అక్క లేచి చేతులు కడుక్కోడానికి వెళ్తుంటే ఎడమ భుజం తలుపు చట్రానికి ధడేల్మని కొట్టుకుంది. ఆవిడ తిరిగి కూడా చూడలేదు. జాకెట్టు చేతి కింద పాత దెబ్బలు పచ్చగా, నీలంగా కనిపించాయి.

"తలుపుతో పోట్లాటేమిటే అక్కా?" అన్నాను.

"ఈ ఇల్లు ఇరుకైపోతోంది," అంది.

ఆ వారంలో ఒకరోజు బావ డ్యూటీకి వెళ్తూ యూనిఫాంలోనే నా దుకాణంలోకి వచ్చాడు. మామూలుగా వస్తే "ఏం మరదలా, ఎవరిని కరవబోతున్నావు ఇవాళ?" అంటాడు. ఆ రోజు నేరుగా ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు.

"మీ అక్కని డాక్టరుకి చూపిద్దామా?"

"ఏమైంది?"

"ఏమైందో తెలిస్తే నేనే మందేసేవాణ్ణి. కొత్త డ్రైవర్లు కొందరుంటారు, ఎడమ అద్దం చూడకుండానే బండి తిప్పేస్తారు. మీ అక్క అట్లా నడుస్తోంది. నిన్న చెప్పు ఒకటే వేసుకుని వీధిలోకి పోయింది. రెండోదేదని అడిగితే, వేసుకున్నానుగా అంది."

నా చేతిలో అట్ట కోసే కత్తి ఉంది. పద్నాలుగో బొమ్మకి కిటికీ కోస్తున్నాను. నిజం చెప్పేస్తున్నాను: నాకు ఆ క్షణంలో తెలుసు. పేరు తెలియదు, కారణం తెలియదు. కానీ ఏదో ఉందని, అది నా బల్ల మీదికి రోజుకి అర అంగుళం చొప్పున పాకి వస్తోందని తెలుసు. భయమేసింది. నాకు భయమేస్తే నోరు లేస్తుంది, అదే నా ఖర్మ.

"ప్రదర్శన ఇంక మూడు వారాల్లో ఉంది బావా. ఇప్పుడు ఆస్పత్రి అంటే పరీక్షలంటారు, పడుకోబెడతారు. జన్మలో మొదటిసారి దాని పేరు గోడకెక్కబోతుంటే నువ్వే అడ్డం పడతావా? పని ఎక్కువై పరాకు, అంతే. గోరంతని కొండంత చెయ్యకు."

"పరాకేనంటావా?"

"ఇటు చూడు." గోడకి ఆనించిన పదమూడో బొమ్మని తిప్పి చూపించాను. నల్ల చట్రం, మీగడ రంగు మౌంటు, లోపల లిల్లీల మీద పడుతున్న పొద్దు. ఎటు నుంచి చూసినా ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. "ఇంత పొందిగ్గా గీసే మనిషికి రోగమేమిటి? నువ్వే చెప్పు."

బావ చాలాసేపు చూశాడు. ఆయనకి బొమ్మల సంగతి తెలియదు, నా మాట మీద గురి. "నిజమే. బాగుంది," అన్నాడు. లేచి టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ బొమ్మ వెనక జానెడు వెడల్పున తెల్ల కాగితం మడిచి ఉంది. దాన్ని నేను చూపించలేదు.

ఆ తర్వాత వచ్చిన బొమ్మల్లో పూలు కుడివైపుకి తోసుకుపోయాయి. జనం తలుపు దగ్గర తొక్కిసలాడినట్టు ఒకదాని మీద ఒకటి. రంగులు కూడా మారాయి. ఊదా, ముదురాకుపచ్చ, మధ్యలో నెత్తురు మరకలాంటి ఎరుపు. అందంగా లేవని అనను. అంత అందంగా అక్క ఎప్పుడూ గీయలేదు. కిటికీలు సన్నబడుతూ వచ్చాయి, నా చట్రాలు అడ్డం నుంచి చదరానికి, చదరం నుంచి నిలువుకి తిరిగాయి. గడ్డమాయన ఒకరోజు చూడ్డానికొచ్చి, "అబ్బ, ఏం ఎదుగుదల! అడ్డంగా మొదలై నిలువుగా తేలాయి. ఆవిడ ధైర్యం చూశారా?" అన్నాడు.

"మా అక్క ధైర్యం మీకేం తెలుసండీ," అన్నాను. ఆయన దాన్ని గొప్పగా తీసుకున్నాడు.

ఇరవై రెండో బొమ్మ వచ్చిన రోజు దుకాణం తలుపు వేసుకుని మడత పెట్టాను. కాగితంలో సగానికి పైగా వెనక్కి పోయింది. మడత వంకరపోయింది. విప్పి మళ్లీ మడిచాను.

ప్రదర్శన సాయంత్రం అయిదింటికి. పొద్దున్నే బొమ్మలన్నీ తగిలించి, పదింటికి అక్కని తీసుకెళ్లాం. హాలు పొడుగ్గా ఉంటుంది, వసారాలాగా. అటో గోడ, ఇటో గోడ, చివర గడ్డమాయన గదికి తలుపు. ఒక్కో గోడకి పదకొండు బొమ్మలు. అక్క ఇస్త్రీ చీర కట్టుకుంది. ఎడమ పక్క కుచ్చిళ్లు జారిపోతుంటే నేనే సర్దాను. "ఒక్కదాన్నే చూసొస్తానే, మీరు రాకండి," అని లోపలికి వెళ్లింది. బావా నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాం.

అక్క ఒక్కో బొమ్మ దగ్గరా ఆగింది. చేత్తో గాలిలో ఏదో దిద్దుకుంది, తనలో తను నవ్వుకుంది. చివరిదాకా వెళ్లి తలుపు తీసుకుని ఆయన గదిలోకి పోయింది, అటునుంచి వరండా మీదుగా చుట్టూ తిరిగి మా దగ్గరికి వచ్చింది. కళ్లనిండా నీళ్లు. సంతోషం అనుకున్నాను.

"పదకొండే పెట్టాడే. మిగతావి ఆయనకి నచ్చలేదా? నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా."

నాకు తల తిరిగిపోయింది. అంతా సర్దేసి నేను వెనక్కి తిరగ్గానే సగం తీసేస్తాడా? ఎంత పొగరు! చెప్పులు టపటపలాడించుకుంటూ, గోడలవైపు చూడనైనా చూడకుండా హాలు మధ్యలోంచి దూసుకుపోయాను. ఎదురొస్తున్న గడ్డమాయన మీద విరుచుకుపడ్డాను. "ఏమయ్యా పెద్దమనిషీ, ఇరవై రెండని చెప్పి మా అక్కని గుమ్మంలో ఏడిపిస్తావా? మిగతా పదకొండూ ఎక్కడ పడేశావు?"

ఆయన బిత్తరపోయాడు. "మేడమ్, అన్నీ ఉన్నాయిగా. చూడండి."

తిరిగి చూశాను. లోపలికి వస్తుంటే ఎడమ చేతివైపుండే గోడ. పదకొండు బొమ్మలూ నేను తగిలించిన చోటే, నేను తగిలించినట్టే తిన్నగా ఉన్నాయి.

ఈలోగా అక్క మళ్లీ వరండా మీదుగా చుట్టూ తిరిగి, అవతలి తలుపులోంచి ఎదురుగా నడిచి వస్తోంది. ఇప్పుడా గోడ ఆవిడకి కుడిపక్కకొచ్చింది. మొహం విప్పారింది. "అరె, వెంటనే తెచ్చి పెట్టేశారే! ఏం తిట్టావే కందిరీగా ఆయన్ని?" అని, అంతలోనే చెయ్యి ఊపుతూ, "మరి అందాకా ఉన్నవి తీసేశారేం?" అంది.

నేను చివరి బొమ్మ గోడ మీంచి దించాను. నేలమీద బోర్లా పెట్టి మేకులు లాగాను. చట్రం తీశాను, అద్దం తీశాను, మౌంటు తీశాను. మడిచిన కాగితాన్ని విప్పి పరిచాను. తర్వాత ఇరవై ఒకటోది. గడ్డమాయన అరుస్తున్నాడు, ఎవరెవరో వస్తారని, పత్రికలవాళ్లు వస్తారని. నేను వినలేదు. వెనక రాసిన తేదీల ప్రకారం ఇరవై రెండింటినీ వరసగా పరిచాను.

వరస మొదట్లో తోట నిండుగా ఉంది. చివరికొచ్చేసరికి తెలుపు తోటని సగానికి పైగా మింగేసింది. అంత తిన్నగా మింగింది, కొలబద్ద పెట్టి గీసినట్టు.

బావ వరస పొడుగునా నడిచాడు. పదమూడో బొమ్మ దగ్గర ఆగాడు.

"నువ్విది చూశావా?"

"చూసే మడిచాను బావా."

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అక్క చెయ్యి పట్టుకుని, "పద, చిన్న పనుంది," అని మెల్లగా బయటికి నడిపించుకుపోయాడు. తిట్టి ఉంటే బాగుండును.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బొమ్మల్ని మంచం మీద పరిపించి చూసింది. పరీక్షలయ్యాక, మెదడులో కుడివైపు గడ్డ ఉందని, కళ్లు బాగానే ఉన్నాయని చెప్పింది. "చూపు పోలేదు. ఎడమ అనేదే ఆవిడ లెక్కలోంచి జారిపోయింది. లేదని కూడా ఆవిడకి తెలియదు. అందుకే ఇంట్లో వాళ్లు చూసి చెప్పాలి." ఆమె వేలు ఆరో బొమ్మ మీద ఆగింది, తేదీ చూసింది, తర్వాత ఇరవై రెండోదాని తేదీ చూసింది. "అప్పుడే వచ్చి ఉంటే..." అని ఆపేసింది.

గడ్డ కొంత తీశారు. కొంత తీయలేమన్నారు. అక్క మాట బాగానే ఉంది, మమ్మల్ని గుర్తుపట్టింది, వేళాకోళం కూడా ఆడింది. ఎడమవైపు మాత్రం తిరిగి రాలేదు. వచ్చినవాళ్లందరూ మంచానికి కుడిపక్కన కూర్చునేవాళ్లు. నేను ఎడమపక్కన కూర్చునేదాన్ని. కావాలనే. మూడోరోజు అక్కడే కూర్చుని అంతా చెప్పేశాను. నాలుగో బొమ్మ నుంచీ ఎలా మడిచానో, బావని ఎలా నమ్మించానో, ప్రదర్శన ఆగిపోతుందని ఎలా నోరు కట్టుకున్నానో, అన్నీ. ఏడుస్తూ చెప్పాను.

అక్క కుడిపక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూసింది. "కందిరీగా? ఎక్కడున్నావే? రొదలాగా వినిపిస్తోంది, మనిషి కనపడదు."

పిరికిదానివి కూడానా నువ్వు అని నన్ను నేనే తిట్టుకున్నాను. లేచి మంచం చుట్టూ తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చుని మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఈసారి ఆవిడ నా మొహంలోకే చూస్తూ విన్నది.

"మడిచినచోట ఏముందే?"

"ఏమీ లేదక్కా. తెల్ల కాగితం."

"మరి అప్పుడే గట్టిగా చెప్పలేదేం? చెబితే అదీ గీసేదాన్నిగా," అంది. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందని ఆలస్యంగా తెలిసినట్టు అంది. "పోనీలే, తీసుకురా. ఇప్పుడు గీసేస్తా."

మర్నాడు ఇరవై రెండో కాగితాన్ని పలకకి అంటించి, రంగుల పెట్టెతో సహా తీసుకెళ్లాను. బావ దిండ్లు ఎత్తుపెట్టాడు. అక్క ఎర్ర రంగు ముక్క అందుకుంది. గులాబీలు, అంది. చెయ్యి కాగితం మీద ఆనింది. అప్పటికే పూలున్న చోటే, కుడి అంచున, లిల్లీల మీద గులాబీలు మొదలుపెట్టింది. పువ్వు మీద పువ్వు, ఎరుపు మీద ఎరుపు. రంగు పొడి దుప్పటి మీదికి రాలింది. గంటసేపు గీసింది. అక్కడ ఇక రంగు పట్టక కాగితం నునుపెక్కి నల్లబడింది. ఎడమపక్క తెలుపు తెలుపుగానే ఉంది.

చేతులు దులుపుకుని పలకని దూరంగా పట్టుకుంది. ఎన్నాళ్లకో అక్క మొహంలో ఆ తృప్తి చూశాను. బావ నా వంక చూశాడు, ఊఁ అనమని. ఒక్క మాటంటే చాలు, ఆ పూటకి ఆవిడ హాయిగా నిద్రపోతుంది.

"ఇప్పుడు నిండిందా?" అని అక్క నన్ను అడిగింది.

"లేదక్కా," అన్నాను.